పాత పది మాటలు

"జర బయటికి పోండ్రి మీరు! అవ్వకు సైగలు చేస్తరేంది?"

రెండేళ్ల కిందట నవ్య సాంసన్‌తో అన్న మొదటి మాట అది. వృద్ధుల ఆరోగ్యం మీద ఏళ్ల తరబడి సాగే సర్వే కోసం ఆమె ధరూర్‌లో ఏసమ్మ ఇంటికి వచ్చింది. పది మాటలు చదివి, గుర్తున్నవి చెప్పమంది. ఏసమ్మ ఆరు చెప్పి తడబడితే, మనవడు సాంసన్ తలుపు పక్కనుంచి గొడుగు విప్పినట్టు చేతులు చూపించాడు. దొరికిపోయాడు.

ఆ కోపపు కళ్లే వాడి కొంప ముంచాయి. గద్వాలకు ఆటో నడుపుతూ రెండేళ్లూ వాటినే తలుచుకున్నాడు. ఆ పది మాటలు కూడా వాడికి గుర్తుండిపోయాయి.

ఇవాళ నవ్య మళ్లీ వచ్చింది, వానలో తడిసి, ట్యాబ్‌ను మాత్రం చున్నీలో భద్రంగా చుట్టుకుని. సాంసన్ ఈసారి తనంతట తానే వసారాలోకి పోయి నిలబడ్డాడు.

నవ్య ఏసమ్మ పిడికిలి బలం కొలిచింది. నాలుగడుగులు నడిపించి చూసింది. తర్వాత పది మాటలు చదివి, "గుర్తున్నయి చెప్పవ్వా" అంది.

"గొడుగు, బావి, మేక, దువ్వెన, కొడవలి..." ఏసమ్మ ఊపిరి తీసుకోకుండా పదీ అప్పజెప్పింది.

నవ్య నోరు తెరిచింది. అన్నీ పోయినసారివే. ఇప్పుడు చదివినవి వేరే.

"అవ్వా, గివి నీకెట్ల యాదికున్నయి?"

"వీడు ఊకుంటడా బిడ్డా! పొద్దుగాల చాయ్ ఇచ్చి, చెప్పవ్వా చెప్పు అని పానం తీస్తడు. చెప్పకుంటే బిస్కెట్ ఇయ్యడు."

నవ్య విసురుగా వసారాలోకి వచ్చింది.

"ఏంది మీరు చేసిన పని? బట్టీ పట్టనీకె ఇదేమన్న పరీక్షనా? అవ్వకు నిజంగనే మతిమరుపు వస్తే మాకెట్ల తెలుస్తది?"

సాంసన్ తల వంచుకున్నాడు. "అవ్వ ఫెయిలైతే మా ఇల్లు లిస్టుల నుంచి తీసేస్తరనుకున్న మేడం. తీసేస్తే మీరు మళ్ల రారు గదా."

నవ్యకు కోపం నిలవలేదు. వందల ఇళ్లు తిరిగింది గానీ, తన రాక కోసం ఇంత కష్టపడ్డ ఇల్లు ఇదొక్కటే. నవ్వూ జాలీ ఒకేసారి వచ్చాయి.

"ఒక్క మాట యాదికి లేకున్నా తియ్యం. అవ్వ ఉన్నన్ని దినాలు రెండేండ్లకోసారి వస్తనే ఉంటం."

సాంసన్ మొహం వెలిగింది.

"కానీ ఇగ నేను రాను. మా ఆఫీసుల సుప్రియ వస్తది."

వెలిగిన మొహం అంతలోనే చిన్నబోయింది. "అంత పెద్ద తప్పు చేసిన్నా?"

"చుట్టాల ఇండ్లల్ల సర్వే చెయ్యొద్దని మా రూలు."

"మనం చుట్టాలం కాదు గదా మేడం?"

నవ్య తడిసిన చున్నీ కొంగు పిండుకుంటూ వాన వైపు చూసి నవ్వింది.

లోపల్నుంచి ఏసమ్మ కేక వినిపించింది. "ఒరేయ్, దవాఖానల చూపియ్యాల్సింది నా మతి గాదురా, నీది!"

అప్పటికి అర్థమైంది వాడికి.

నవ్య మెట్టు దిగుతూ వెనక్కి తిరిగింది.

"ఆదివారం అవ్వను ఆటోల గద్వాల చర్చికి తోలుకొని రా. మా అమ్మ వస్తది. మన సంగతి అవ్వనే మాట్లాడుతది. నువ్వు మాత్రం పక్కన నిలబడి సైగలు చెయ్యకు!"