తగ్గని పీపా

పీపాల మేస్త్రీకి ఆ మధ్యాహ్నం మనసంతా ఇంటి మీదే ఉంది. భార్యకి నెలలు నిండాయి. "నొప్పులొస్తే కబురు చేస్తారులే బావా, ఈ చివరి వరస చూసేసి పోదాం" అంటూ బావమరిది గోదాము తలుపు దగ్గర పీట వేసుకుని కూర్చున్నాడు. కూర్చోవడంలో అతన్ని మించినవాడు లేడు.

గోదాముకి కిటికీల్లేవు. ఒకటే గుడ్డి బల్బు. చెమ్మగిల్లిన చెక్క వాసన, దాని మీద కాస్త పాకం లాంటి తీపి. పీపాలో పోసిన రోజు విస్కీ నీళ్లలా ఉంటుంది. వేడికి చెక్కలోకి ఇంకుతుంది, చల్లబడ్డాక చెక్క రంగునీ రుచినీ వెంటబెట్టుకుని వెనక్కొస్తుంది. ఏళ్ల తరబడి అదే పని. ఈలోగా కొంత ఆవిరైపోతుంది కాబట్టి ఏ పీపా అయినా ఏటా తగ్గాల్సిందే. మేస్త్రీ కొయ్యసుత్తితో కింది నుంచి పైకి తట్టుకుంటూ పోతాడు. మోత ఎక్కడ డొల్లగా మారితే అక్కడిదాకా సరుకున్నట్టు.

మూలనున్న పీపా పైదాకా ఎక్కడా డొల్లగా మోగలేదు.

"ఇదేంట్రా, పెరిగింది!"

"నీ చెవులు పెరిగుంటాయి బావా."

మేస్త్రీకి రోషం వచ్చింది. కొలపుల్ల దించి చూడాలి గానీ, అతనికి తన ముక్కు మీదే నమ్మకం. బిరడా లాగి, కళ్లు మూసుకుని, కన్నానికి ముక్కు ఆనించి గుండెల నిండా పీల్చాడు.

లోపల నుంచి కూడా ఎవరో పీల్చారు.

కళ్లు తెరిచాడు. చీకటి. బల్బు పోయిందనుకున్నాడు... చేయి చాపాడు. చెక్క. ఇటు చాపాడు. చెక్కే... వంపు తిరిగిన చెక్క. గడ్డం దాకా చల్లగా ఏదో. కళ్లు మండుతున్నాయి. ఊపిరాడటం లేదు.

"ఒరేయ్! నేనిక్కడున్నానురా!"

ఆ అరుపు అతనికే వినపడలేదు.

"అరవకు..." చెవి పక్కనే గుసగుస. "చెక్క తాగేస్తుంది. నాదీ, నా ముందువాళ్లదీ అలాగే తాగేసింది."

మేస్త్రీ భయంతో పిచ్చెత్తినట్టు గుద్దాడు. గోళ్లు విరిగేలా గీకాడు. నెత్తి మీద కన్నంలో కాసింత వెలుగు... పెదాలు అక్కడికి చేర్చబోయాడు. బిరడా పడింది. ఎవరో సుత్తితో గట్టిగా దిగ్గొట్టారు.

బయట బావమరిది గొంతు. "లోపలేదో గీకుతున్నట్టుంది బావా?"

"ఎలుకలేమోలే." జవాబు చెప్పింది మేస్త్రీ గొంతే. "పద, మీ అక్క ఎదురుచూస్తుంటుంది. ఇంటికి దారెటో... ముందు నువ్వు నడువు."