అక్క చెప్పిన ల్యాబు కబుర్లు

పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిచ్చి, అమ్మ పెద్దకూతుర్ని బల్ల దగ్గర కూర్చోబెట్టింది. చిన్నదానికి పీహెచ్‌డీ సీటొచ్చింది, అదీ అక్క గైడు దగ్గరే. చేస్తున్న ఉద్యోగానికి ఇవాళే రాజీనామా ఇస్తానని కూర్చుంది. చేరేముందు అక్కడ ఎలా ఉంటుందో దానికి నాలుగు ముక్కలు చెప్పమని అమ్మ కోరిక.

మందు రాయడం చేతకాని డాక్టర్లు ఇంట్లో ఇద్దరవుతున్నారని నాన్న ఆటపట్టించాడు. అందరూ నవ్వారు. అక్క మాత్రం కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

పాపం, ఆమె ల్యాబు మొహం చూసి ఏడాది కావస్తోంది. సెలవుల్లో ఫ్రీజరు చెడిపోయి, చెరువు చెరువూ తిరిగి పోగేసిన చేపల నమూనాలన్నీ కుళ్లిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టమని గైడు తలైనా ఎత్తకుండా చెప్పేశాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పడానికి ఆమెకి నోరు రాలేదు. రోజూ బ్యాగు తగిలించుకుని వెళ్ళి, ఓ ఆస్పత్రి ఓపీ హాల్లో సాయంత్రం దాకా కూర్చునేది. అక్కడైతే ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. ఇంటికొచ్చాక గైడు మెచ్చుకున్నాడనీ, జూనియరు ఒకడు చేపకి పేరు పెట్టుకుని దాన్ని కొయ్యలేక ఏడ్చాడనీ రోజుకో కథ అల్లేది.

"చేరొద్దే" అంది అక్క.

చెల్లెలు వేళాకోళమనుకుంది. అక్క మళ్ళీ అదే మాట అనేసరికి మొహం మాడ్చుకుని, నేను కూడా డాక్టరైతే నీకు కంటగింపా అని అడిగేసింది. ఆ మాట సూటిగా గుండెల్లో దిగింది. ఫ్రీజరు, చేపలు, ఆస్పత్రి బెంచీ, అన్నీ ఒక్కసారిగా కక్కేసింది అక్క.

"అక్కడ ఎలా ఉంటుందో అమ్మ చెప్పమందిగా, విను. మనం చేసినా ఎవరికీ పట్టదు, మానేసినా పట్టదు. ఇన్నాళ్ళూ నేను కనబడకపోతే ఒక్కళ్ళూ ఫోను చెయ్యలేదే."

నాన్న కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. మరి ఆ కబుర్లన్నీ ఏమిటని అడిగింది అమ్మ. మీరు నవ్వుతారని చెప్పానంది అక్క.

చెల్లెలు వచ్చి అక్క పక్కన కూర్చుంది.

"ఈ ఇంట్లో పని నుంచి నవ్వుతూ వచ్చేది నువ్వొక్కదానివే అక్కా. అందుకే నాకూ అదే కావాలనుకున్నా."

ఏడాదిగా రాని ఏడుపు అక్కకి ఇప్పుడు తన్నుకొచ్చింది. తను పడ్డ గోతిలోకి చెల్లెల్ని తనే ముచ్చట్లు చెప్పి మరీ పిలిచింది.

చెల్లెలు ఆ రోజు రాజీనామా ఇవ్వలేదు. మొహం వేలాడేసుకుని ఎప్పటిలాగే ఆఫీసుకి వెళ్ళింది. అమ్మ పెద్దకూతురి తల ఒళ్ళోకి లాక్కుంది.

"ఏడుపొస్తే ఇంటికొచ్చి ఏడవాలి గానీ, మమ్మల్ని నవ్వించమని నిన్నెవరడిగారే తల్లీ?" అంది. అంటూనే తనూ భోరుమంది.