గోడలో పెట్టిన దారం

కామెన్‌డోల్‌లో పెట్కాన్ మేడకి పగలు ఎవరైనా వెళ్తారు. దీపాలు పెట్టే వేళకి మాత్రం ఒక్కరూ నిలవరు.

ఆ చెడ్డపేరు ఊరికే రాలేదు. ఉన్ని వర్తకుడు పెట్కాన్ ఆ మేడ కట్టిస్తున్నప్పుడు గోడ ఎన్నిసార్లు లేపినా కూలిపోయేదట. అప్పుడు మేస్త్రులు దారిన పోతున్న ఓ పిల్ల నీడని, దానికి తెలియకుండా, దారంతో కొలిచారు. ఆ దారం గోడలో పెట్టి సున్నం మెత్తేశారు. గోడ నిలబడింది. పిల్ల... నలభై రోజులు తిరక్కుండానే చచ్చిపోయింది. అప్పట్నుంచీ ఆ ఇంటికి కాపలా అదే అంటారు.

ఇప్పుడు మేడ మా పురపాలక సంఘానిది. ఏటా నవంబరులో అక్కడ బొమ్మల ప్రదర్శన పెడతారు. టిక్కెట్టు లేదు. బొమ్మలంటే గిట్టనివాళ్ళు కూడా చలి కాచుకోవడానికి వస్తారు.

ఆ ఏడు ఊరంతా ఒకే బొమ్మ ముందు నిలబడింది. దుప్పటి మీద వాలిన ముసలి చేతులు. వేసింది బిసెరా. ఆ చేతులు వాళ్ళమ్మవి.

బిసెరా అక్క స్టామెనా కూడా బొమ్మలు వేస్తుంది. చెల్లెలికి కుంచె పట్టడం నేర్పిందే ఆమె. ఆమె పంపిన బొమ్మని మాత్రం ప్రదర్శనవాళ్ళు మర్యాదగా తిప్పి పంపేశారు. అదైనా దిగమింగేదేమో... కానీ అమ్మ మంచాన పడ్డ మూడేళ్ళూ ఆ చేతులు కడిగింది, గోళ్ళు తీసింది, ఆఖరికి గుండెల మీద జోడించింది స్టామెనా. బిసెరా ఆదివారాలు వచ్చేది. కిటికీ దగ్గర కూర్చుని గీసుకుని వెళ్ళిపోయేది.

రొట్టెల కొట్టు దగ్గర పొరుగింటి గున్కా అననే అంది. "ఎంత చూసుకునేదో మీ చెల్లెలు అమ్మని. లేకపోతే ఆ చేతులు అలా వెయ్యగలదా?"

స్టామెనా రొట్టె అక్కడే మర్చిపోయి ఇంటికొచ్చింది.

సాయంత్రం మేడకి వెళ్ళింది. ఐదింటికే చీకటి. జనం వెళ్ళిపోయారు. పెద్ద గదిలో బిసెరా ఒక్కతే, వీపు ఇటు తిప్పి, తన బొమ్మ ముందు నిలబడి ఉంది. దీపం అటు వైపు ఉంది. ఆమె నీడ నేల మీద పొడుగ్గా సాగి... వచ్చి వచ్చి స్టామెనా కాళ్ళ దగ్గర ఆగింది.

గుమ్మం పక్కన గోడ బీటలిచ్చి, మోచెయ్యి పట్టేంత కన్నం ఉంది. మర్నాడు పొద్దున్నే మేస్త్రులు వచ్చి మూసేస్తారని కాపలాదారు మించో వచ్చినవాళ్ళకల్లా చెబుతూనే ఉన్నాడు.

స్టామెనా సంచిలో అల్లిక ఉంది. ఎర్ర ఉన్ని.

మోకాళ్ళ మీద కూర్చుంది. ఊపిరి బిగబట్టి, తల నీడ నుంచి దారం పరుచుకుంటూ పాకింది... భుజం... నడుము... మడమ. బిసెరా కదల్లేదు. స్టామెనా దారాన్ని పళ్ళతో తెంపి, వెనక్కొచ్చి, కొస కన్నంలో పెట్టింది.

ఇంకా తొయ్యలేదు —

లోపల్నుంచి ఎవరో అందుకున్నారు. మెల్లిగా, ఒద్దికగా, అమ్మ ఉన్ని పట్టుకుంటే ఉండ చుట్టే పిల్లలా లాక్కున్నారు. దారం వేళ్ళలోంచి జారిపోయింది.

ఎలా ఇల్లు చేరిందో ఆమెకే తెలీదు. దేవుడి పటం ముందు కూర్చుంటే ప్రార్థన నోటికి రాలేదు. నలభై... నలభై... ఆ మాటే వచ్చింది. చిన్నప్పుడు ఉరిమితే తన చెయ్యి పట్టుకుని పడుకునే బిసెరా గుర్తొచ్చింది. కిటికీ తెల్లబడగానే చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే పరిగెత్తింది.

మించో కన్నం ముందు పీట వేసుకు కూర్చున్నాడు. చేతిలో వంచిన తీగ. మోకాలి మీద ఎర్ర దారం.

"వచ్చావా అమ్మాయ్," అన్నాడు, తల తిప్పకుండానే. "ఏ గోడ పగిలినా ఇదే భాగోతం. మేస్త్రులు రాకముందే నేను తీసేస్తుంటాను."

"బాబాయ్... లోపల ఎవరో లాగారు."

"పాత పొగగొట్టం ఉంది. గాలి లాగుతుంది."

స్టామెనా గోడకి చేరగిలబడింది. అప్పుడు కనిపించింది — ఎర్ర దారం పక్కన ఇంకొకటి. నీలం. ముడతలు ముడతలుగా, అల్లిక విప్పిన ఉన్ని. ఆ రంగు ఆమెకి తెలుసు. కిందటి చలికాలం ఆ ఉన్నితో చేతి తొడుగులు అల్లింది తనే.

"ఇది ప్రదర్శన మొదలైన రోజుది," అన్నాడు మించో. "నువ్వు ఆ బొమ్మ ముందు ఏడుస్తూ నిలబడ్డావు చూడు, అప్పటిది. నీ వెనక ఎవరు వంగారో నేను చూశాను."

మెట్ల మీద అడుగులు...

బిసెరా. కోటు బొత్తాలు తప్పుగా పెట్టుకుంది. ఒక చేతికి నీలం తొడుగు. రెండో చెయ్యి బోడిది, చలికి ఎర్రబడి ఉంది.

మించో మోకాలి మీది దారాలు చూసింది. అక్కని చూసింది.

"ఆఖరికి నీ పేరే పిలిచింది అమ్మ," అంది బిసెరా. "నేను పక్కనే ఉన్నాను. నన్ను చూడను కూడా లేదు. చేతులు తప్ప నాకేం మిగిల్చారక్కా మీరిద్దరూ?"

స్టామెనా ఆ బోడి చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

మించో రెండు దారాలూ స్టామెనాకి ఇచ్చాడు. "లోపల ఇంకొకటుంది. బూడిదరంగుది, మొట్టమొదటిది. దాన్ని నేను ముట్టుకోను. ఆ పిల్ల కోసం తెల్లారే పరిగెత్తుకొచ్చినవాళ్ళు లేరు."

మేస్త్రులొచ్చారు. అక్కాచెల్లెళ్ళు చూస్తుండగానే కన్నం మూసి, సున్నం మెత్తి, నున్నగా రుద్దేశారు.

స్టామెనా రెండు దారాలూ రుమాల్లో ముడేసి, ఇంటికెళ్ళి దేవుడి పటం వెనక పెట్టింది. ఆ శనివారమే చనిపోయినవాళ్ళ పండగ. అమ్మ పేరున ఓ గిన్నెడు గోధుమలు ఉడికించి, చక్కెర చల్లి, ఇద్దరూ కొవ్వొత్తి వెలిగించారు. ఆ మంటలో దారాలు కాల్చేద్దామని స్టామెనా రుమాలు విప్పింది.

ఎర్రది. నీలంది. రెండింటి మధ్యా, రెండింటినీ గట్టిగా చుట్టుకుని... సున్నం పొడి రాలుతూ, ఓ పిల్ల నీడంత పొడవు — బూడిదరంగు దారం.

"ఎవరు పెట్టారక్కా?" బిసెరా గుసగుసగా అడిగింది.

స్టామెనా రుమాలు మళ్ళీ ముడేసింది. లేచి వెళ్ళి, ఇంకో గిన్నెలో గోధుమలు పెట్టి తెచ్చింది.