మూడో జత లైట్లు

టీ గిన్నె పొయ్యి మీద పెట్టిందో లేదో, షెడ్డులోంచి కాలిన ప్లాస్టిక్ వాసన వంటింట్లోకి వచ్చింది. ఆవిడ మంట తగ్గించి కిటికీలోంచి తొంగి చూసింది. పికప్ బానెట్ ఎత్తి ఉంది. దాని కింద భర్త, కూతురు తలలు దగ్గర పెట్టుకుని గుసగుసలాడుకుంటున్నారు. ఆవిణ్ణి చూడగానే కూతురు గొంతు పెంచి, "ఆ స్పానర్ ఇలా ఇవ్వు నాన్నా," అంది. స్పానర్ కూతురి చేతిలోనే ఉంది.

ఇంట్లో ఆవిడకి డిటెక్టివ్ అని పేరు. చొక్కా జేబు తడిమి, మనిషి ఎక్కడెక్కడ తిరిగొచ్చాడో చెప్పేస్తుంది. చెప్పినవాటిలో సగం తప్పని తేలినా ఒక్క మెట్టు దిగదు.

ఈసారి మాత్రం అనుమానానికి కారణాలు లేకపోలేదు. ఆయన పికప్‌లో ఫర్నిచర్ షాపుల సామాను చేరవేస్తాడు. కిందటి చలికాలంలో నిద్రమత్తులో బండిని కాలవలోకి దించాక, రాత్రి లోడ్లు ఇక ఎత్తనని భార్య చేతిలో చెయ్యేసి చెప్పాడు. మరి పగలు తిరిగే బండికి ఇన్ని లైట్లెందుకు? మొదట బల్బులు మార్చాడు. తరవాత హెడ్‌లైట్లే మార్చేశాడు. ఇప్పుడు వాటికంటే పెద్దవి తెచ్చాడు, కింద బంపర్‌కి ఫాగ్ ల్యాంపులు కూడా. పైగా చీకటి పడితే గానీ ఇల్లు చేరడు. వస్తూనే గడప తన్నుకుంటాడు, అందించిన గ్లాసు జారవిడుస్తాడు. దొంగచాటుగా రాత్రి లోడ్లు, ఆపైన మందు. అంతకంటే ఇంకేముంటుందని ఆవిడ తేల్చేసుకుంది. నిలదీస్తే "దారిలో ట్రాఫిక్" అన్నాడు. ఆ రోజు నుంచి ఆవిడ ఆయనతో మాటలు మానేసింది.

టీ పట్టుకుని షెడ్డులోకి వెళ్లింది.

"ఏంటా వాసన?" అంది కూతురితో, భర్త అక్కడ లేనట్టే.

కూతురు ఆటో ఎలక్ట్రికల్ షాపులో పనిచేస్తుంది. కరిగిన వైరు ముక్క ఒకటి ఎత్తి చూపించింది. "నాన్న నిర్వాకం. ఫాగ్ ల్యాంపుల్ని తీసుకెళ్లి హెడ్‌లైట్ వైరుకే తగిలించాడు. ఈ సన్న వైరు రెండింటినీ మోస్తుందా? ఇప్పుడు బ్యాటరీ నుంచి విడిగా లావు వైరు లాగి, ఫ్యూజు పెడుతున్నాను."

"ఇన్ని లైట్లు ఎందుకో మీ నాన్నని అడిగావా?"

"అమ్మని టీ ఇచ్చి వెళ్లమను," అన్నాడాయన.

"మీ ఇద్దరి మధ్య నన్ను నలపకండి," అని కూతురు తల వంచుకుని వైరు తొడుగు ఒలవసాగింది.

"ఇద్దరూ ఒక్క తాను ముక్కలే," అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

కాసేపటికి షట్టర్ దింపిన చప్పుడైంది. పట్టపగలు షట్టర్ ఎందుకు దింపుతారు? ఆవిడ చెప్పులు విడిచి, వంటింటి పక్క తలుపులోంచి చప్పుడు కాకుండా షెడ్డులోకి దూరింది. తలుపు దగ్గరగా వేసి, బండికి ఎదురుగా ఉన్న గోడని ఆనుకుని ఓ పక్కకి నిలబడింది. గోడ మీద టేపుతో గీత వేసి ఉంది. వెలుగు ఆ గీత దాటి పైకి పోతే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుందట. లైట్ల ఎత్తు సరిచేయడానికే షెడ్డుని చీకటి చేశారు. కూతురు స్క్రూడ్రైవర్‌తో ముందు వంగి ఉంది. ఆయన డ్రైవర్ సీట్లో ఉన్నాడు.

"ఎలా ఉంది నాన్నా?"

"మధ్యలో బాగుంది. పక్కలే చీకటి. ఫాగ్ వేస్తానుండు."

స్విచ్ నొక్కాడు. వెడల్పాటి వెలుగు వచ్చి ఆవిడ మోకాళ్ల దాకా పడింది. కూతురు తలెత్తి తల్లిని చూసి బిగుసుకుపోయింది. దొరికిపోయానని ఆవిడ నోరు తెరవబోయింది. ఆయన సూటిగా ఆవిడ వైపే చూస్తున్నాడు.

"ఊహూ, పక్కలు కనిపించట్లేదమ్మా. ల్యాంపుల్ని ఇంకాస్త పక్కకి తిప్పు. మీ అమ్మకి మాత్రం చెప్పకు. తెలిస్తే తాళాలు లాక్కుంటుంది."

"అక్కడ..." కూతురు తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. "అక్కడ ఎవరూ లేరా నాన్నా?"

"ఎవరుంటారు? గోడ."

"నేనున్నాను," అంది ఆవిడ.

ఆయన చెయ్యి స్టీరింగ్ మీద నుంచి జారింది.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?" అంది ఆవిడ.

"చలికాలం నుంచి. కాలవలో పడ్డది నిద్రమత్తుతో కాదు. మలుపు కనపళ్లేదు. పొద్దు వాలితే బండిని నత్తలా నడుపుకుంటూ వస్తున్నాను, ఆలస్యం అందుకే."

"వోల్టేజీ సరిగ్గానే ఉంది నాన్నా," అంది కూతురు ఏడుపు దిగమింగుతూ. "అయినా నువ్వు చాలట్లేదంటుంటే తప్పు నా వైరింగ్‌లోనే ఉందనుకున్నాను. నీ కళ్ల మాటే నాకు తట్టలేదు."

"డాక్టర్ దగ్గరికెళ్తే బండి ముట్టుకోవద్దంటాడు. బండి లేకపోతే ఇక నేనెందుకు?"

"నేను గోడ పక్కన ఉన్నాను కాబట్టి సరిపోయింది," అంది ఆవిడ కోపంగా. "రోడ్డు పక్కన ఎవరి బిడ్డో నిలబడి ఉంటే? అప్పుడేం చెప్పేవారు, లైట్లు చాలలేదనా?"

ఆయన లైట్లార్పి, బండి తాళంచెవి లాగి, దిగి చెయ్యి చాచాడు. తలుపు సందులోంచి వచ్చే వెలుతురు ఆవిడకి సరిపోయింది. ఆయన తాళంచెవి అందిస్తున్నది ఆవిడ వైపు కాదు, పక్కనున్న ఖాళీ లోకి.

అది చూడగానే ఆవిడ కోపం నీరుగారిపోయింది.

"తాగొస్తున్నారనుకున్నాను," అంది, తాళం అందుకుంటూ.

"అనుకున్నా బాధ లేదు. తిట్టినా బాగుండేది. పొద్దుగూకితే నీ గొంతుని బట్టే వంటిల్లు ఎటుందో, గడప ఎక్కడుందో తెలిసేది నాకు. నువ్వు నోరు కట్టేసుకున్నాక సొంత ఇంట్లో గోడలు తడుముకుంటూ తిరిగాను."

ఆవిడకి దుఃఖం ఆగలేదు. శిక్ష వేస్తున్నాననుకుంది. ఎంత శిక్షో మాత్రం తనకి తెలియనే తెలియదు.

కూతురు షట్టర్ వైపు కదిలింది. అది ఎత్తేదాకా కూడా ఆగకుండా ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఎడమ పక్క టూల్ బాక్సుంది, జాగ్రత్త. కింద వైరు, కాలు ఎత్తి వెయ్యండి. ఇదిగో మెట్టు. చొక్కా మార్చుకోండి, ఆస్పత్రికి ఇప్పుడే వెళ్తున్నాం. బస్సులోనే. ఇంకో మాట మాట్లాడారంటే ఊరుకోను..."

ఆయన ఆ గొంతు వెంటే నడిచాడు. వంటిల్లు దాటినా, ముందు గది దాటినా ఆవిడ ఏడుస్తూనే ఉంది, నోరు మాత్రం మూయలేదు.