వణికితే కరెంటు కట్

విమానం పైడిరాజు మాట వినడం మానేసింది. చేతిలోని రిమోట్ స్టిక్ వెనక్కి లాగితే అది ముక్కు పైకెత్తాలి. ఎత్తడం లేదు. మనిషికి రెట్టింపు పొడవు రెక్కలున్న ఆ పెద్ద మోడల్ విమానం, భీమిలి మైదానంలో చూడ్డానికొచ్చిన జనం వైపే దిగుతోంది. జనం చెల్లాచెదురయ్యారు. ముందు వరుసలో ఒక్క రోహిణి మాత్రం కుర్చీలోనే ఉండిపోయింది. మోకాలి ఆపరేషనయ్యి నెల కాలేదు, లేవలేదు. ఆమె పైడిరాజు భార్య.

"మేడమ్, ఎలివేటర్ చచ్చిపోనాది," అన్నాడు పైడిరాజు, ముక్కుని పైకెత్తే తోక పలక గురించి.

పక్కన లాప్‌టాప్‌తో నిలబడ్డది డాక్టర్ కాదంబరి. విమానంలో ఉన్న కొత్త పవర్ బాక్స్ ఆమె కనిపెట్టిందే. "చావలేదు. బాక్సే దానికి కరెంటు ఆపింది," అంది.

ఆ బాక్స్ సంగతి కాస్త చెప్పుకోవాలి. విమానం తోకనీ రెక్కల అంచుల్నీ కదిపే చిన్న మోటార్లని సర్వోలంటారు. అవీ, రిమోట్ మాట వినే రిసీవరూ ఒకే బ్యాటరీ మీద బతుకుతాయి. ఒకే కుండలో కూడు అన్నమాట. ఒక సర్వో పాడై వణుకుతూ కరెంటంతా మింగేస్తే రిసీవర్‌కి పస్తే, విమానానికి చెవుడే. అందుకని వణికే సర్వోకి కరెంటు ఆపేసి, వణుకు తగ్గాకే తిరిగిచ్చే బాక్స్ తయారుచేసింది కాదంబరి. లాబ్‌లో భేషుగ్గా పనిచేసింది. అక్కడ స్టిక్ తిప్పింది కంప్యూటర్ మరి. దానికి పెళ్ళామా, భయమా?

ఇక్కడ గాలి ఒక్కసారి విసిరికొట్టింది, విమానం రోహిణి వైపు తిరిగింది, పైడిరాజు బొటనవేలు వణికింది. వేలుతో పాటు సర్వో వణికింది. బాక్స్ తన ధర్మం తాను చేసింది.

"మీ చెయ్యి వణుకుతోంది. ఆపండి. భయపడకండి."

"అక్కడున్నది నా ఆడది, మేడమ్."

"అందుకే ఆపమంటున్నాను."

భయపడొద్దని చెప్పడం ఎంత తేలికో చెప్పించుకున్నవాడికే తెలుస్తుంది. పైడిరాజు ఊపిరి బిగబట్టాడు. వేలు ఇంకా ఎక్కువ వణికింది. రోహిణి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. పైప్రాణాలు పైనే పోయాయి అతనికి. ఇక ఒకటే దారి తోచింది. అక్కడ కుర్చీ ఉంది, కుర్చీలో ఎవరూ లేరు అనుకున్నాడు. ఆమె పేరు కూడా మనసులోకి రానివ్వలేదు. అనుకోగా అనుకోగా అది నిజమే అనిపించింది. వేలు రాయిలా నిలిచిపోయింది.

తోక కదిలింది. విమానం ముక్కెత్తి, రోహిణి జుట్టు చెదరగొట్టుకుంటూ పైకి పోయింది.

కిందికి దింపేసరికి కాదంబరి మైకు అందుకుంది. "సొంత భార్య మీదకే విమానం వస్తున్నా చివరి క్షణంలో ఈయన చెయ్యి ఇసుమంతైనా వణకలేదు. లాప్‌టాప్‌లో వణుకు రీడింగ్ సున్నా. ఇలాంటి పైలట్లే మాకు కావాలి." జనం చప్పట్లు కొట్టారు.

పైడిరాజు పరిగెత్తుకెళ్ళి కుర్చీ ముందు కూలబడ్డాడు. "రోహిణీ, దెబ్బేటీ తగల్లేదు కదా?"

ఆమె అతని చేతుల కేసి చూసింది. "నామీదకొస్తంటే సున్నానా? నీకు నానేటీ కానా?"

నువ్వే గుర్తున్నావని చెబుదామనుకున్నాడు. కానీ అది అబద్ధం. ఆ క్షణంలో ఆమె గుర్తుండి ఉంటే ఈపాటికి ఆమె ఉండేది కాదు. ఈ ముక్క ఏ భార్యకి ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు.

అప్పుడు వణికాయి అతని చేతులు, మోచేతుల దాకా. రోహిణి వాటిని చూసి మొహం తిప్పుకుంది.

"ఇప్పుడెందుకులే," అంది.