చేత్తో తిప్పిన రక్తం

ఆ గురువారం మధ్యాహ్నం ఇయాకోపో ఎప్పటిలాగే మూడో కుర్చీలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళు ఆ దీవి రాజధాని ఆపియా వీధుల్లో బస్సు నడిపిన మనిషి. షుగరు రెండు కిడ్నీలనూ తినేశాక, వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు, ఈ డయాలసిస్ హాల్లోనే కాపురం. ఎడమచేతికి రెండు సూదులు. ఒక గొట్టంలోంచి రక్తం మిషన్లోకి పోయి, శుభ్రపడి రెండో గొట్టంలోంచి తిరిగొస్తుంది. అంతసేపూ లేవకూడదు, ఆ చెయ్యి మడవకూడదు.

"బాబాయ్, మళ్ళీ కొబ్బరినీళ్ళు తాగావు కదూ? ఒంట్లో మూడు కిలోల నీరు చేరింది," అంది నర్సు తైమనే.

"నేనెక్కడ తాగానమ్మాయ్! వాన పడుతుంటే నోరు తెరిచి నవ్వానంతే."

తైమనే నవ్వబోయి ఆగిపోయింది. ఇలాంటి మాటలకి ముందుగా పగలబడి నవ్వేది ఫువాటినో. పక్కనున్న నాలుగో కుర్చీ ఆవిడదే. ఇప్పుడు దాని మిషన్ని గోడవైపు తిప్పి దుప్పటి కప్పారు. చర్చిలో పాటల బృందాన్ని నడిపించిన పెద్దావిడ, చెవి దగ్గర తియ్యటి వాసనేసే మొసోయి పువ్వు లేకుండా గడప దాటని మనిషి. సోమవారం పూడ్చిపెట్టారు.

ఆమె ఎలా పోయిందో ఇయాకోపోకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పోయిన వారం మంగళవారం వాగు పొంగి, రోగుల్ని తీసుకొచ్చే వ్యాను ఆమె ఊరికి వెళ్ళలేకపోయింది. "సంచి సర్దుకుని ఉండక్కా, పైదారిన నా ట్రక్కులో వచ్చి తీసుకుపోతా," అని ఫోన్లో చెప్పింది ఇతనే. తీరా బయల్దేరాక వానకి జంకాడు. వాళ్ళ అల్లుడు తెస్తాడులే అని తనకి తాను చెప్పుకుని నేరుగా హాలుకొచ్చేశాడు. గురువారానికీ వాగు తగ్గలేదు. శుక్రవారం ఆమె ఊపిరితిత్తుల నిండా నీరు చేరి ప్రాణం పోయింది. మంగళవారం, గురువారం కూడా గుమ్మంలో సంచి ఒళ్ళో పెట్టుకునే కూర్చుందని సమాధి దగ్గర కూతురు చెప్పింది. ఇయాకోపో తల దించుకుని విన్నాడు.

పొద్దుటి నుంచీ వీస్తున్న తుపాను మూడింటికి ముదిరింది. కిటికీలకి ముందే చెక్కలు కొట్టేశారు కాబట్టి కరెంటు పోగానే హాలంతా నల్లగా అయిపోయింది. జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మిషన్ల బ్యాటరీలు పావుగంట లాగి, ఒక్కొక్కటే కీచుమంటూ చల్లారిపోయాయి.

"ఎవరి మిషన్ పంపు పిడి వాళ్ళే చేత్తో తిప్పుకోండి!" తైమనే అరిచింది. "మెల్లగా, కుడివైపుకి! ఆపారంటే గొట్టంలో రక్తం గడ్డకడుతుంది. ఒక్కొక్కరికీ గొట్టాలు విప్పుకుంటూ వస్తా!"

ఆమె టార్చి మొదటి కుర్చీ దగ్గర ఆగిపోయింది. అక్కడి ముసలాయన తల వాల్చేశాడు. ఆ చిన్న వెలుగు ఇక అక్కణ్ణుంచి కదల్లేదు.

ఇయాకోపో కుడిచేత్తో తడుముకుని పిడి పట్టుకున్నాడు. తన రక్తాన్ని తనే తిప్పుకోవడం! బస్సు స్టీరింగు కంటే బరువుగా ఉంది. కిర్రు... కిర్రు... పైన రేకులు దడదడమంటున్నాయి. భుజం లాగేస్తోంది. పరిగెత్తుదామన్నా సూదులు. పీకేద్దామన్నా రక్తం ధారకడుతుంది.

అప్పుడు వాసన వచ్చింది. మందునీళ్ళ ఘాటులోంచి, తియ్యగా, మగ్గిపోయిన మొసోయి పువ్వు వాసన.

కిర్రు... అని తన పిడి.

కిర్రు... అని ఇంకొకటి.

చెయ్యి ఆపి చూశాడు. తనది ఆగింది. రెండోది ఆగలేదు. నాలుగో కుర్చీ వైపు నుంచి, దుప్పటి కింద నుంచి...

"ఆపకురా తమ్ముడూ," అంది గొంతు. చాలా దగ్గరగా. నీళ్ళలోంచి మాట్లాడుతున్నట్టు గలగలమంటూ. "ఆపితే గడ్డకడుతుంది."

మళ్ళీ తిప్పసాగాడు.

"వానలో ట్రక్కు చప్పుడైనప్పుడల్లా లేచి నించున్నాను. నువ్వే అనుకున్నాను."

"అక్కా... నేను... భయపడ్డానక్కా..."

"నాకూ భయమేసిందిరా."

అంతే అంది. తిట్టి ఉంటే బాగుండును.

రెండు పిడులూ కిర్రుమంటూ తిరిగాయి. తర్వాత ఆమె దగ్గింది.

"నాది తిరగట్లేదురా. లోపలంతా చిక్కబడిపోయింది. నీది కాస్త ఇటు పంపు."

"తైమనే!" అని అరిచాడు. అరిచాననుకున్నాడు. గొంతులోంచి గాలే వచ్చింది. చేతిలో పిడి ఉన్నట్టుండి తేలికైపోయింది. ఇంకెవరో కూడా పట్టుకున్నట్టు... అతని వేళ్ళ మీద ఉబ్బిన వేళ్ళు. చల్లగా. తడిగా. చెయ్యి లాగేసుకున్నాడు. పిడి ఆగలేదు. తిరుగుతూనే ఉంది. కిర్రు... కిర్రు... సూదుల దగ్గర మొదలైన చలి మోచెయ్యి దాటింది. చంక దాటింది. ఛాతీలోకి పాకింది...

కదల్లేడు. పిలవలేడు. కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు నేర్చిన ప్రార్థన మొదలుపెట్టి, రెండో మాట దగ్గరే మర్చిపోయాడు.

మొహం మీద టార్చి వెలుగు పడింది.

"బాబాయ్! పిడి వదిలేసి ఎంతసేపైంది?" అంది తైమనే. వెలుగు పంపు మీదికి మళ్ళింది. పిడి కదలకుండా ఉంది. "దేవుడి దయ, ఎక్కడా గడ్డకట్టలేదు... ఈ చెయ్యేంటి, ఐసుగడ్డలా ఉంది!"

"ఆ దుప్పటి తీసి చూడమ్మా."

"ఏ దుప్పటి?"

"నాలుగోది."

తీసి చూపించింది. గొట్టాలు లేని ఉత్త మిషను. ఆమె చకచకా అతని రక్తాన్ని తిరిగి ఒంట్లోకి పంపి, సూదులు తీసి, కట్టు కట్టి అయిదో కుర్చీకి పరిగెత్తింది.

గాలి తగ్గాక ఇంటికి చేరాడు. భార్య సెఫీనా ఉడికించిన టారో దుంప ముందు పెట్టింది. ముట్టలేదు. చీకటి పడే వేళకి ఆమె లాంతరు దగ్గరికి లాక్కుని కట్టు విప్పింది.

"ఏమయ్యా, ఇవాళ రెండుసార్లు గుచ్చారా?"

"లేదే. ఏం?"

"నాలుగు రంధ్రాలున్నాయి."

రెండు రక్తంతో ఎర్రగా ఉన్నాయి. పక్కనే ఇంకో రెండు. పచ్చివే. అంచులు తెల్లగా, నీళ్ళలో నానిన చర్మంలా.

"శనివారం వెళ్ళకపోతే ఏమవుతుందే?" అన్నాడు మెల్లగా.

"అవేం మాటలు? ఫువాటినోకి ఏమైందో చూశావుగా."

ఆమె లాంతరు తీసుకుని లోపలికి వెళ్ళింది. డాక్టరు చెప్పినట్టు, రోజూ పడుకునే ముందు చేసినట్టే, ఇయాకోపో ఎడమచేతి నరం మీద అరచెయ్యి ఆనించాడు. రక్తం సరిగా పారుతుంటే అక్కడ సన్నగా అదురు తెలుస్తుంది, గుండె కొట్టుకున్నట్టే తాళం తప్పకుండా.

తెలుస్తోంది. భయంతో గబగబా కొట్టుకుంటోంది.

దాని కిందే ఇంకొకటి కొట్టుకుంటోంది. తీరిగ్గా.