రింగు లేని ఫ్లాపీ

దశరథం చెరుకు రసం గ్లాసు సగం తాగి పక్కన పెట్టాడు. మిగతా సగం తాగడానికి ఆయన లేడు.

నిజామాబాద్ రైల్వే స్టేషన్ ముందు, పట్టపగలు, జనం మధ్య జరిగింది. “ఎండదెబ్బ తాకింది, నీళ్లు సల్లుండ్రి!” అని బండివాడు అరిచాడు. నలుగురూ నీళ్లు చల్లారు, విసనకర్రతో విసిరారు. తర్వాత గుండెపోటని ఊరంతా అనుకుంది. అది విషమని తెలిసింది హైదరాబాద్‌లో బోర్డు లేని ఒక ఆఫీసుకు మాత్రమే. జనం ఆయన్ని ఆటోలోకి ఎక్కిస్తుండగానే ఆయన ఇంట్లోంచి రెండు వస్తువులు మాయమయ్యాయి. ఒకటి పీసీ. రెండోది, టీవీకి తగిలించి వాడుకునే ఎనభైల నాటి హోమ్ కంప్యూటర్.

అది 1998 మార్చి.

బోర్డు లేని ఆఫీసులో డైరెక్టర్ సూటిగా విషయానికొచ్చాడు.

“దశరథం నీకు తెలుసు కదా, రాజారాం?”

“ఆర్మీ సిగ్నల్స్‌లో నాకు కంప్యూటర్ నేర్పింది ఆయనే సార్.”

“సరిహద్దు పోస్టుల రేడియో కోడ్ ఆయన రాసిందే. ఇంట్లో, ఆ పాత మెషీన్ మీద రాశాడు. అందులో ఆయన సొంతంగా అతికించిన చిప్ ఉంది. ప్రోగ్రామ్ ఆ మెషీన్ మీద తప్ప మరెక్కడా నడవదు. కొత్త కోడ్ వచ్చేది వేసవి తర్వాతే.”

“ప్రోగ్రామ్ ఉన్న ఫ్లాపీ?”

“బూజు పట్టింది. పూర్తిగా పాడయ్యేలోపు ఆయన దాన్ని ట్రాక్ తర్వాత ట్రాక్ చదివి, మొత్తాన్నీ ఒక డిస్క్ ఇమేజ్‌గా, అంటే అచ్చు నకలుగా చేసి పీసీలో దాచాడు. పీసీ ఇప్పుడు ఆ దొంగల చేతుల్లో ఉంది. ఆ ఇమేజ్‌ని మళ్లీ అసలైన ఫ్లాపీ మీదికి ఎక్కిస్తే తప్ప పాత మెషీన్ దాన్ని చదవదు. అది చేతనైన మెకానిక్ కోసం వెతుకుతున్నారు.”

“ఆ మెకానిక్ నేనా సార్?”

“పేరు భూమన్న. మొన్నటిదాకా నిజామాబాద్‌లో రేడియోలు బాగుచేసేవాడివి.” డైరెక్టర్ ఒక టిఫిన్ బాక్స్ ముందుకు తోశాడు. “దీని దొంగ అడుగులో చిన్న ఫ్లాపీ ఉంది. అందులో మన ఇమేజ్. మొదటి సందేశాన్ని సరిగ్గా విప్పుతుంది, ఆ తర్వాతవన్నీ చెత్త. వాళ్లదానికి బదులు దీన్ని ఎక్కించు. కొనేవాడు హార్పర్. దౌత్యవేత్త, వాణ్ణి మనం ముట్టుకోలేం. దాడి చేస్తే ఇంకో దారి వెతుక్కుంటారు. దొరికిందనుకుని తృప్తిగా పోవాలి.”

చివరగా ఒక ఫోటో చూపించాడు. చెరుకు రసం బండి, దశరథం, ఆయన పక్కన పట్టుచీరలో, నల్ల కళ్లద్దాలతో ఒక అందగత్తె.

“గోదావరి. వాళ్ల కంప్యూటర్ నిపుణురాలు. నిజానికి మన మనిషి, కోడ్ పేరు పాలపిట్ట. ‘పసుపు ఎండిందా’ అని అడిగితే ‘ఇంకా పచ్చిగనే ఉంది’ అంటుంది.”

రాజారాం ఫోటో వైపే చూస్తున్నాడు. “గ్లాసు అందించింది ఈవిడేనా సార్?”

డైరెక్టర్ ఫైలు మూసేశాడు. “ఆమె లోపల ఉండటం మనకు అవసరం.”

అడిగింది ఒకటి, వచ్చిన జవాబు ఇంకొకటి. ఆ జవాబు నిజామాబాద్ బస్సు దిగేదాకా రాజారాం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

*

కోటగిరి దారిలో చెరుకు తోటల నడుమ ఉంది ఆ గెస్ట్‌హౌస్. గాలి నిండా చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసన. చెరుకు రవాణా కాంట్రాక్టరు చిన్నయ్య గేటు దగ్గరే రాజారాం సంచి వెతికాడు. స్క్రూడ్రైవర్లు, కేబుల్, స్పిరిట్ సీసా, దూది, ఖాళీ ఫ్లాపీలు. అన్నీ చూసి తిరిగి సంచిలో వేశాడు. టిఫిన్ బాక్స్ దగ్గర ఆగాడు.

“గిదేంది?”

“బువ్వ సారూ.”

“మా ఇంటికొచ్చి సద్ది తింటవా? మంచిగున్నది! హన్మవ్వా, గీ భూమన్నకు జొన్నరొట్టె, కోడికూర పెట్టు.” టిఫిన్ బాక్స్‌ని జీపులో పడేసి తలుపుకు తాళం వేశాడు. “పోయేటప్పుడు తీస్కో.”

ఢిల్లీ నుంచి వచ్చిన నిపుణులు రాత్రింబవళ్లు కూర్చుని చేసిన ఏర్పాటు ఒక మర్యాదతో ముగిసింది. వంటామె హన్మవ్వ వడ్డిస్తూ “తినవేంది బిడ్డా, కారమైందా?” అని అడిగింది. రాజారాంకు ముద్ద దిగడం లేదు. ఇక మిగిలింది దశరథం ఇమేజ్ ఒక్కటే, నిఖార్సైన అసలుది. దాన్ని తన చేతులతోనే శత్రువుకి ఎక్కించి ఇవ్వాలి.

హాల్లో బల్ల మీద ఆ పాత కంప్యూటర్ కనబడగానే అతని గుండె చివుక్కుమంది. స్పేస్ బార్ మీద దశరథం బొటనవేలు అరగదీసిన చోటు ఇంకా మెరుస్తోంది. పక్కన కుర్చీలో గోదావరి. కిటికీ దగ్గర పొడవాటి తెల్ల మనిషి, హార్పర్. చిన్నయ్య తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు, లాల్చీ కింద పిస్తోలు ఉబ్బెత్తుగా కనిపిస్తోంది.

రాజారాం డ్రైవ్ మూత విప్పుతూ, మామూలుగా అడిగినట్టు అన్నాడు. “మార్కెట్ దిక్కుకెళ్లి వస్తున్న మేడమ్. పసుపు ఎండిందా మీ దిక్కు?”

గోదావరి తల కూడా తిప్పలేదు. “పసుపు సంగతి నాకేం ఎరుక? పని చూడు.”

అతని వేళ్లు ఒక్క క్షణం ఆగిపోయాయి. చిన్నయ్య వింటున్నాడని అలా అందా? లేక ఆమె ఎన్నడో వాళ్ల మనిషైపోయిందా?

స్పిరిట్‌లో ముంచిన దూదితో, ఫ్లాపీని చదివే హెడ్ తుడిచాడు. పీసీ వెనక సీరియల్ పోర్టు నుంచి పాత మెషీన్‌కు కేబుల్ కలిపాడు. పీసీ ఇమేజ్‌ని ముక్కలు ముక్కలుగా పంపితే, ఇవతలి మెషీన్ వాటిని ఫ్లాపీ మీద ట్రాక్ తర్వాత ట్రాక్ రాస్తుంది. ఇప్పుడు ఫ్లాపీ కావాలి.

సంచిలో చెయ్యి పెట్టాడు. వేలికి రెండు రకాలు తగిలాయి. ఒకటి ఆ కాలపు డబుల్ డెన్సిటీ, నడుమ రంధ్రం చుట్టూ గట్టి రింగు ఉంటుంది. రెండోది తర్వాత పీసీల కోసం వచ్చిన హై డెన్సిటీ, రింగు ఉండదు. మిగతా అంతా ఒకేలాంటి నల్లటి చదరం. ఒకప్పుడు తొందరలో రింగు లేనిదాని మీద పని కాపీ చేసుకుంటే దశరథం అతన్ని కసిరాడు. “పాత డ్రైవ్ బలం దీనికి చాలదు. రాత పైపైన అంటుతుంది తప్ప నాటుకోదు. ఇవాళ చదువుతుంది. రేపు అడిగితే నీ మొహం చూస్తుంది.”

ఇవాళ చదవాలి. రేపు చదవకూడదు. కానీ ఒక్కోసారి అది ఇవాళ కూడా చదవదు. అప్పుడు ఈ గదిలోంచి ప్రాణాలతో బయటపడడు.

రాజారాం రింగు లేని ఫ్లాపీ తీశాడు.

“ఆగు.” గోదావరి చెయ్యి చాపింది. “ఇటివ్వు.”

ఆమె కళ్లద్దాలు పైకి తోసి ఫ్లాపీని వెలుతురుకు పట్టింది. గోరింట పెట్టిన వేలు నడిమి రంధ్రం చుట్టూ మెల్లగా ఒక చుట్టు తిరిగింది. ఆమెకు తెలియకుండా ఉండదు. రాజారాం స్పిరిట్ సీసా మూత బిగిస్తూనే ఉన్నాడు, అది ఎప్పుడో బిగిసిపోయిందని గమనించకుండా.

“ఏమైనా తేడానా?” అన్నాడు హార్పర్ నేర్చుకున్న తెలుగులో.

“లేదు. సరైనదే.” ఫ్లాపీ తిరిగి రాజారాం చేతికొచ్చింది. “దుమ్ముంటదేమోనని చూసిన. కానియ్యి, భూమన్నా.”

డ్రైవ్ టక్కుమంటూ, గర్రుమంటూ రాయడం మొదలుపెట్టింది. ఒక్కో ట్రాక్‌కీ రాజారాం ప్రాణం ఒక మెట్టు ఎక్కి దిగింది. పని పూర్తయింది. హార్పర్ జేబులోంచి ఒక చీటీ తీశాడు, గాలిలో పట్టిన సరిహద్దు సందేశం. గోదావరి ఆ అంకెలు టైప్ చేసింది. టీవీ తెర మీద అక్షరాలు వచ్చాయి. ‘నీళ్ల ట్యాంకర్ గురువారం వస్తుంది.’

ఏ ఎడారి పోస్టులోనో దాహంతో ఉన్న జవాన్లకు పంపిన మాట. హార్పర్ నవ్వాడు. రాజారాం కేబుల్ పీకి, చుట్టి సంచిలో వేసుకున్నాడు.

“పీసీలో ఉన్న ఇమేజ్ చెరిపెయ్యండి,” అన్నాడు హార్పర్.

చిన్నయ్య ఉలిక్కిపడ్డాడు. “ఎందుకు దొరా? ఉండనియ్యి, పాడైతే పనికొస్తది.”

“రేపు నువ్వు దాన్ని ఇంకొకడికి అమ్ముకోవడానికి పనికొస్తుంది. డిస్క్ మొత్తం ఫార్మాట్ చెయ్యి, గోదావరీ.”

పీసీ తెర మీద ప్రశ్న వచ్చింది, అవునా కాదా అని. ఆమె వేలు Y మీదికి పోయింది. హార్పర్ చెయ్యెత్తాడు. “ఉండు. ఫ్లాపీని ఇంకోసారి చదివించు.”

డ్రైవ్ తిరిగింది. ఒక చోట ఆగింది. వెనక్కి పోయి, మళ్లీ వచ్చి అక్కడే గర్రుమంది. మళ్లీ వెనక్కి. రాజారాం వీపు మీద చెమట ధారకట్టింది. “హెడ్డుకు తడి ఆరలె సారూ,” అన్నాడు. ఇంకోసారి గర్రుమంది. తెర మీద నీళ్ల ట్యాంకర్ గురువారం వచ్చింది.

“కానివ్వు,” అన్నాడు హార్పర్.

గోదావరి Y నొక్కింది. లోకంలో ఇక మిగిలింది ఆ ఒక్క ఫ్లాపీ. హార్పర్ దాన్ని కోటు లోపల పెట్టుకుని, పాత మెషీన్‌ని కారెక్కించమని సైగ చేశాడు. “నువ్వూ రా, గోదావరీ. అక్కడ దీన్ని నడిపేవాళ్లు లేరు.”

గోదావరి పర్సు తీసుకుని లేచింది. రాజారాం పక్క నుంచి పోతూ చీర కుచ్చిళ్లు సవరించుకుంది, అంతే. కళ్లద్దాల వెనక ఏముందో కనిపించలేదు.

*

“పా భూమన్నా, బస్సు కాడ దించుత,” అన్నాడు చిన్నయ్య. జీపు బస్సు దారి పట్టలేదు. చెరుకు తోటల మధ్య బండ్ల బాటలోకి తిరిగింది. చిన్నయ్య ఎడమ చెయ్యి లాల్చీ కిందికి పోతుండగా రాజారాం హ్యాండ్‌బ్రేక్ గుంజాడు. చిన్నయ్య నొసలు స్టీరింగ్‌కు తగిలి ఠంగుమంది. పిస్తోలు కింద పడింది. రెండు గుద్దులు, ఆపైన సీరియల్ కేబుల్‌తో చేతులు వెనక్కి కట్టడం. చెరుకు బండి తోలుకొస్తున్న ఈరవ్వ అనే ముసలామె ఎడ్లను ఆపి చూసింది.

“ఏమైందే కొడుకా?”

“కల్లు ఎక్కువైంది అవ్వా.”

“పొద్దుగూకక ముందేనా? థూ!” అని ఆమె ఎడ్లను అదిలించింది.

చిన్నయ్యను జీపు వెనక పడేసి కోటగిరి చేరి, అక్కడి ఎస్టీడీ బూత్ నుంచి రాజారాం డైరెక్టర్‌కు ఫోన్ చేశాడు. అంతా విన్నాక డైరెక్టర్ గొంతు తేలికపడింది. “శభాష్.”

“సార్, పాలపిట్ట హార్పర్ వెంట పోతోంది. ఆ ఫ్లాపీ రేపో ఎల్లుండో చెరిగిపోతుంది. తప్పు ఎవరి మీద పడుతుంది?”

“ఆమె తెలిసే కారెక్కిందా?”

“తెలిసే.”

“అయితే ఆమె నిర్ణయాన్ని గౌరవిద్దాం. దౌత్య కారుని మనం ఆపలేం.”

రాజారాం ఫోన్ పెట్టేశాడు. దశరథం విషయంలోనూ ఇలాగే ఎవరో ఏదో గౌరవించి ఉంటారు. మళ్లీ ఫోనెత్తి, సాలూర దగ్గర, ఆ కారు దాటాల్సిన మహారాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టులో ఎక్సైజ్ వాళ్లను పిలిచాడు.

“సారూ, నల్లబెల్లం పోతున్నది. సారా కాసెటోల్లకు. తెల్ల కారు, ఎనుక సీట్ల పట్టుచీర కట్టుకున్న ఆడమనిషి. సరుకంత గామెదే.”

అతను జీపు తోలుకుంటూ లారీల వరస దాటేసరికి చెక్‌పోస్ట్ కర్ర పైకి లేస్తోంది. తెల్ల కారు ముందుకు కదిలింది. రాజారాం ఊపిరి బిగబట్టాడు. సగం లేచిన కర్ర ధన్‌మని కిందికి పడింది, బానెట్‌కు బెత్తెడు దూరంలో.

ఎక్సైజ్ ఎస్ఐ నంబర్ ప్లేట్ చూసి, కాగితం చూసి, తల గోక్కున్నాడు. “కారు తెరువం సారూ, మాకు పవర్ లేదు. గానీ గామె మన దేశం మనిషే గదా. గామె దిగాలె.” మహిళా కానిస్టేబుల్ గంగమణి అప్పటికే వెనక తలుపు పట్టుకుంది. “దిగవమ్మా. బెల్లం యాడ పెట్టినవ్?”

హార్పర్ దిగిన గోదావరిని చూశాడు, కోటు తడుముకున్నాడు, చెయ్యి ఊపి అద్దం పైకెత్తాడు. కర్ర లేచింది. కారు మట్టి లేపుకుంటూ మహారాష్ట్రలోకి వెళ్లిపోయింది.

చెక్‌పోస్ట్ అరుగు మీద గోదావరి కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. రాజారాం ఆమె పక్కన కూర్చున్నాడు.

“దశరథం సార్ గ్లాసు,” అన్నాడు.

“బండి కాడికి పోయినంక చెప్పిండు చిన్నయ్య, అండ్ల మందు కలిపిన అని. గప్పటికే గ్లాసు సార్ చేతిల ఉన్నది.” ఆమె కళ్లద్దాల కాడలు మడిచింది. “తాగకు సారూ అని ఒర్రితే బతుకుతుండె కావచ్చు. నేను ఒర్రలె.”

అది నిజమో, సగం నిజమో అతనికి తెలియదు. తెలుసుకునే దారీ లేదు. లేచి లోపలికెళ్లి, కుండలోంచి గ్లాసుడు నీళ్లు తెచ్చిచ్చాడు. ఆమె గ్లాసు రెండు చేతులా పట్టుకుంది కానీ వెంటనే తాగలేకపోయింది.

వేసవి గడిచింది. కొత్త కోడ్ వచ్చింది. ఒక్క పోస్టుకూ హాని జరగలేదు. చిన్నయ్య జైలుకు పోయాడు, హార్పర్‌ని వాళ్ల దేశం వెనక్కి పిలిపించుకుంది. గోదావరి మీద నల్లబెల్లం కేసు మాత్రం నడుస్తూనే ఉంది. కొట్టేయించాలంటే ఆమె ఎవరో చెప్పాలి, అది చెప్పడానికి డైరెక్టర్ ఒప్పుకోడు. సాక్ష్యంగా చూపాల్సిన బెల్లం దౌత్య కారులో దేశం దాటిపోయిందని, దాన్ని వెనక్కి పంపమని విదేశాంగ శాఖకు రాశామని, జవాబు రాగానే హాజరు పరుస్తామని ఎక్సైజ్ వాళ్లు ప్రతి వాయిదాకూ కోర్టుకు విన్నవించుకుంటూనే ఉన్నారు.